ఎలిమినేషన్ డైట్ మధ్యలో కీళ్లవాపు తిరగబెడితే ఏం చేయాలి?

పొద్దుటివేళ్లు

సభ్యులకు నమస్కారం. నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే రోగనిరోధక వ్యవస్థే కీళ్లపై దాడి చేసే జబ్బు ఉంది. ఆ దాడిని అదుపు చేసే మెథోట్రెక్సేట్ మందును వారానికి ఒక్కసారి, దానితోపాటు ఫోలిక్ యాసిడ్ వాడుతున్నాను. జబ్బు మొత్తం మీద అదుపులోనే ఉన్నా, ఏడాదిలో కొన్నిసార్లు కీళ్లు ఉన్నట్టుండి వాచి, కొన్నాళ్లు ఇబ్బంది పెట్టి, మళ్లీ సర్దుకుంటున్నాయి. తినేవాటిలో ఏదో ఒకటి ఈ వాపును రేపుతోందేమో తెలుసుకుందామని, మా రుమటాలజిస్టుకు (కీళ్లవాపు వైద్యుడికి) చెప్పిన మీదటే ఎలిమినేషన్ డైట్, అంటే అనుమానం ఉన్నవన్నీ కొన్నాళ్లు మానేసి తర్వాత ఒక్కొక్కటే తిరిగి తిని చూసే పథ్యం మొదలుపెట్టాను. పాలు, పాలతో చేసినవి, గోధుమ, గుడ్లు, సోయా, వేరుశనగ, బాదం జీడిపప్పు వంటివి, మొక్కజొన్న, వీటితోపాటు టమాటా, వంకాయ, బంగాళాదుంప, మిరప కూడా మానేశాను. మొదట్లో ఒళ్లు తేలికపడినట్టు అనిపించింది. పొద్దున లేవగానే వేళ్లు పట్టేసి ఉండే సమయం కూడా తగ్గింది. తీరా ఇప్పుడు, ఇవేవీ నోట పెట్టని స్థితిలోనే, రెండు మణికట్లూ, చూపుడు వేళ్ల మొదటి కణుపులూ వాచాయి. టూత్‌పేస్టు మూత తిప్పడానికి కూడా వేళ్లు సహకరించడం లేదు.

అన్నీ మానేసినా తిరగబెట్టింది కాబట్టి తిండికీ దీనికీ సంబంధం లేదని తేల్చుకోవచ్చా? లేక నేను ఇంకా తింటున్నవాటిలోనే ఏదో ఉందనుకుని మరికొన్ని మానేయాలా? నొప్పి మాత్ర వేసుకుంటే ఈ పరీక్ష ఫలితం తారుమారవుతుందని ప్రస్తుతానికి ఓర్చుకుంటున్నాను. అది సబబేనా?

నిదానం

మీ మూడో ప్రశ్నకే ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే మిగతా రెండూ ఆగగలవు, అది ఆగదు. ఓర్చుకోవడం సబబు కాదు. రుమటాయిడ్‌లో కీలు లోపలి పొర ఉబ్బి ఉన్నంతకాలం అది పక్కనున్న మృదులాస్థిని, ఎముకను కొరుకుతూనే ఉంటుంది. అలా పోయిన భాగం వాపు తగ్గాక తిరిగి రాదు. పథ్యం ఎప్పుడైనా మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. కాబట్టి ఈ రోజే మీ డాక్టరుగారికి ఫోను చేసి, ఏ కీళ్లు వాచాయో, ఎప్పటినుంచో, మెథోట్రెక్సేట్ ఏ వారమైనా తప్పిందేమో, మధ్యలో జ్వరం, గొంతునొప్పి, మూత్రంలో మంట వంటివి వచ్చాయేమో చెప్పండి. ఇన్ఫెక్షన్ వల్ల కూడా తిరగబెడుతుంది, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు మెథోట్రెక్సేట్ కొనసాగించాలా వద్దా అన్నది ఆయన తేల్చవలసిన విషయం. ఒకే ఒక్క కీలు ఉన్నట్టుండి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం కూడా ఉంటే మాత్రం దాన్ని మామూలు తిరగబెట్టడం అనుకోకండి. కీలులోకి ఇన్ఫెక్షన్ చేరి ఉండవచ్చు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారికి ఆ ముప్పు ఎక్కువ, అందుకని అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక మొదటి ప్రశ్న. ఒక్క వాపును చూసి తిండికి సంబంధం ఉందనీ చెప్పలేము, లేదనీ చెప్పలేము. ఈ జబ్బు ఏ కారణమూ కనబడకుండానే తిరగబెట్టగలదు. మరికొన్ని మానేయడం మాత్రం వద్దు.

లెక్కలమాస్టారు

నిదానం గారి మాటతో ఏకీభవిస్తూనే, "మొదట్లో ఒళ్లు తేలికపడింది" అన్న వాక్యం దగ్గర కొంచెం ఆగుదాం. ఎవరమైనా పథ్యం ఎప్పుడు మొదలుపెడతాం? బాధ ఎక్కువగా ఉన్నప్పుడే కదా. ఎక్కుతూ దిగుతూ సాగే జబ్బులో, బాగా ఎక్కి ఉన్నప్పుడు ఏం మొదలుపెట్టినా, ఏమీ మొదలుపెట్టకపోయినా, తర్వాతి కొద్ది వారాల్లో అది ఎంతో కొంత దిగడానికే అవకాశం ఎక్కువ. ఆ దిగుదలను మనం పథ్యం ఖాతాలో వేస్తాం. తర్వాత మళ్లీ ఎక్కినప్పుడు పథ్యం పని చేయలేదంటాం, లేదా ఏదో పొరపాటున తిన్నామంటాం. రెండు తీర్పులకూ ఆధారం ఒకటే, అంటే ఏమీ లేదు.

దీనికి తోడు మందుల సంగతి. మెథోట్రెక్సేట్ వంటి మందులు పూర్తిగా పని చేయడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. ఈ మధ్య మోతాదు మార్చి ఉంటే, వచ్చిన గుణం దేనివల్లో విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు. మీ మోతాదు చివరిసారి ఎప్పుడు మారిందో చెప్పగలరా?

పచ్చికూరలు

నా అనుభవం వేరు కాబట్టి రాస్తున్నాను. నేను కొన్ని రోజులు పూర్తిగా ఉపవాసం ఉండి, తర్వాత పచ్చి కూరలు, పండ్లు మాత్రమే తీసుకున్నాను. వాపు దాదాపుగా పోయింది. ఆ ధైర్యంతో మందులు కూడా ఒక్కొక్కటిగా తగ్గించుకున్నాను. అంతకుముందు ఒక ప్రయోగశాలలో రక్తపరీక్ష చేయించుకుంటే నాకు పడని పదార్థాల పట్టిక పెద్దదే వచ్చింది. వాటన్నిటినీ ఇప్పటికీ ముట్టుకోవడం లేదు. పొద్దుటివేళ్లు గారు ఆ పరీక్ష చేయించుకుంటే ఇంత కష్టపడనవసరం లేదు.

వేదిక నిర్వాహకుడు

పచ్చికూరలు గారి అనుభవాన్ని తొలగించడం లేదు. అయితే చదివేవారు ఒక్క విషయం గమనించాలి: డాక్టరు పర్యవేక్షణ లేకుండా మందులు ఆపమని గానీ, తగ్గించమని గానీ ఈ వేదిక సలహా ఇవ్వదు. ముఖ్యంగా చాలాకాలంగా స్టెరాయిడ్ వాడుతున్నవారు దాన్ని ఒక్కసారిగా ఆపితే, శరీరం తాను తయారు చేసుకోవలసిన హార్మోను వెంటనే అందుకోలేక ప్రాణం మీదికి రావచ్చు.

ఆకుపచ్చపళ్లెం

నేను వృత్తిరీత్యా డైటీషియన్ని. పచ్చికూరలు గారూ, మీరు చెప్పిన పరీక్ష సాధారణంగా రక్తంలోని ఐజీజీ అనే రకం ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) కొలుస్తుంది. ఒక పదార్థానికి ఐజీజీ ఉండడం మనం దాన్ని తింటున్నామనడానికి గుర్తు, అది పడదనడానికి గుర్తు కాదు. అందుకే ఎక్కువగా తినేవే ఆ పట్టికలో ముందు వరుసలో కనిపిస్తాయి. యూరప్, అమెరికాల అలర్జీ వైద్య సంఘాలు ఆహారం పడకపోవడాన్ని నిర్ధారించడానికి ఈ పరీక్షను వాడవద్దనే చెబుతున్నాయి. ఇది మీ మీద విమర్శ కాదు. ఆ కాగితం చేతికి వచ్చిన చాలామంది ఏళ్ల తరబడి అనవసరంగా నోరు కట్టుకోవడం నేను వృత్తిలో చూస్తూనే ఉన్నాను.

ఉపవాసంతో వాపు తగ్గడం మాత్రం నిజమే, దానికి చరిత్ర కూడా ఉంది. 1991లో నార్వే పరిశోధకులు ఈ జబ్బు ఉన్న 53 మందిపై చేసిన ప్రయోగాన్ని లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. అందులో 27 మంది 7 నుంచి 10 రోజులు పాక్షిక ఉపవాసం ఉండి, తర్వాత మూడున్నర నెలలు గ్లూటెన్ (గోధుమ వంటి ధాన్యాల్లో ఉండే ప్రొటీన్) లేని పూర్తి శాకాహారం, ఆపైన క్రమంగా పాలతో కూడిన శాకాహారం తీసుకున్నారు. మామూలు భోజనం తిన్నవారితో పోలిస్తే వారి పరిస్థితి మెరుగైంది, ఏడాది తర్వాత కూడా ఆ తేడా కొంత నిలిచింది. ఇక్కడ మనకు పనికొచ్చేది వారి పద్ధతి. రోజు విడిచి రోజు ఒక్క కొత్త పదార్థం మాత్రమే చేర్చేవారు. 2 నుంచి 48 గంటల లోపు నొప్పి, బిగుసుకుపోవడం పెరిగితే దాన్ని కనీసం వారం రోజులు ఆపి, మళ్లీ ఒకసారి తినిపించి చూసేవారు. రెండోసారి కూడా పెరిగితేనే మానిపించేవారు. అయితే, ఉపవాసం వల్ల వచ్చే ఉపశమనం మామూలు తిండి మొదలుపెట్టగానే సాధారణంగా పోతుంది. ఉపవాసాన్ని కొనసాగించలేము కాబట్టి దాన్ని చికిత్స అనలేము.

పొద్దుటివేళ్లు గారికి రెండు ప్రశ్నలు. గోధుమ మానేసే ముందు సీలియాక్ జబ్బుకు (గ్లూటెన్ వల్ల పేగులు దెబ్బతినే జబ్బు) రక్తపరీక్ష చేయించుకున్నారా? గ్లూటెన్ తింటున్నప్పుడే ఆ పరీక్ష నమ్మదగినది. మానేశాక చేస్తే జబ్బు ఉన్నా లేనట్టు చూపించవచ్చు. రెండోది, పాలు మానేశాక కాల్షియం దేని ద్వారా తీసుకుంటున్నారు? పెద్దవారికి రోజుకు సుమారు 1000 మిల్లీగ్రాములు కావాలి. స్టెరాయిడ్ వాడవలసి వస్తే ఎముకల సాంద్రత తగ్గుతుంది, అప్పుడు కాల్షియం, విటమిన్ డి విషయంలో ఏమరుపాటు పనికిరాదు.

బొటనవేలు

నాది గౌట్, అంటే రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్లు వాచే జబ్బు, కాబట్టి ఇక్కడ కొంచెం పరాయివాణ్ణే. అయినా ఈ చర్చ చదివే గౌట్ బాధితులకు ఒక మాట: ఉపవాసాలు, ఒక్కసారిగా బరువు తగ్గించే పథ్యాలు మనకు పనికిరావు. ఉపవాసంలో కొవ్వు కరిగి పుట్టే కీటోన్లనే పదార్థాలు మూత్రపిండాల ద్వారా యూరిక్ యాసిడ్ బయటికి పోకుండా అడ్డుపడతాయి, దానితో నొప్పి తిరగబెడుతుంది. రక్తంలో యూరిక్ యాసిడ్‌ను డెసిలీటరుకు 6 మిల్లీగ్రాముల లోపు ఉంచడమే మనకు గురి, దానికి చాలామందికి మందు తప్పదు.

మోకాటిమెట్లు

కీళ్ల అరుగుదల ఉన్నవారి తరఫున నేనూ ఒక వాక్యం చేరుస్తాను. మా విషయంలో ఏ పదార్థం మానాలన్న దానికంటే బరువు ఎంత తగ్గాలన్నదే ముఖ్యం. ఒక కిలో తగ్గితే అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో వెలువడిన పరిశోధన చూపింది.

పొద్దుటివేళ్లు

అందరికీ కృతజ్ఞతలు. డాక్టరుగారితో మాట్లాడాను. ఇన్ఫెక్షన్ లేదని నిర్ధారించుకున్నాక, తక్కువ మోతాదులో స్టెరాయిడ్ ఇచ్చి, దాన్ని మెల్లగా తగ్గించి ఆపేలా రాసిచ్చారు. మెథోట్రెక్సేట్ మోతాదు చాలాకాలంగా మారలేదు, అయితే జలుబు చేసినప్పుడు ఒక వారం మానేసిన మాట నిజం. ఆ సంగతి మీరు అడిగాకే గుర్తొచ్చింది. సీలియాక్ పరీక్ష ఈ కీళ్లజబ్బు బయటపడినప్పుడే చేశారు, అది లేదని వచ్చింది. వాపు చాలావరకు దిగింది. ఇప్పుడు పథ్యాన్ని ఏం చేయాలో తెలియడం లేదు. స్టెరాయిడ్ వేసుకుంటూనే ఒక్కొక్క పదార్థం చేర్చి చూడవచ్చా?

లెక్కలమాస్టారు

చూడవచ్చు గానీ తెలిసేది ఏమీ ఉండదు. స్టెరాయిడ్ ఉన్నప్పుడు ఏది తిన్నా పడినట్టే కనిపిస్తుంది. దాన్ని తగ్గించే రోజుల్లో ఏది తిన్నా పడనట్టు కనిపించవచ్చు. అది పూర్తిగా ఆగి, కనీసం రెండు వారాలు కీళ్లు ఒకే తీరుగా ఉన్నాక మొదలుపెట్టండి.

అప్పుడు కూడా "బాగుంది, బాగాలేదు" అని కాకుండా కొలవగలిగినవి రాసుకోవాలి. నిద్ర లేచిన సమయం, వేళ్లు పూర్తిగా వదులైన సమయం. పిడికిలి బిగిస్తే వేలి కొసలు అరచేతిని తాకుతున్నాయా లేదా. డాక్టర్లు లెక్కించే 28 కీళ్లలో ఎన్ని వాచాయి, ఎన్ని నొక్కితే నొప్పి పెడుతున్నాయి. ఆ రోజు నొప్పి మాత్ర వేసుకున్నారా. వీటితోపాటు నిద్ర, జలుబు, చేతులకు ఎక్కువ పని, మెథోట్రెక్సేట్ వేసుకున్న రోజు కూడా రాయండి, ఎందుకంటే ఆ మందు వేసుకున్న మర్నాడు చాలామందికి ఒంట్లో నలతగా ఉంటుంది, అది తిండి తప్పు కాదు. కొత్త పదార్థం పరీక్షించడానికి ఆ మర్నాటిని ఎంచుకోకండి.

ఆకుపచ్చపళ్లెం

దీనికి నేను చేర్చేది ఏమిటంటే, ఎదురుచూసే ఈ వారాల్లో అన్నీ మానేసి ఉండనవసరం లేదు. ఎలిమినేషన్ దశ కొద్ది వారాలకు మించకూడదు. అది తెలుసుకోవడానికి పెట్టుకున్న గడువు మాత్రమే, మీరు దాన్ని ఇప్పటికే దాటబోతున్నారు. మీకు అనుమానం తక్కువగా ఉన్నవాటిని ఇప్పుడే తిరిగి తినండి. టమాటా, వంకాయ, బంగాళాదుంప, మిరప ఒకే కుటుంబానికి చెందినవి, వీటిలో సోలనిన్ అనే సహజ విషపదార్థం ఉంటుంది కాబట్టి కీళ్లకు మంచివి కావన్న ప్రచారం చాలా కాలంగా ఉంది. పచ్చబడిన, మొలకెత్తిన బంగాళాదుంపలో సోలనిన్ ఎక్కువగా ఉంటుంది, అది ఎవరూ తినకూడదు. అంతకుమించి ఈ కూరగాయలు కీళ్లవాపును పెంచుతాయనడానికి సరైన ఆధారం లేదు.

గోధుమ, పాలు, గుడ్లు మాత్రం మీకు నిజంగా అనుమానం ఉన్నవి కాబట్టి వరుసగా పరీక్షించండి. పాలతో ఉదాహరణ చెబుతాను. మొదటి రోజు పొద్దున కొద్దిగా, మధ్యాహ్నం అరగ్లాసు, రాత్రికి గ్లాసు తాగి, ఆ తర్వాత మూడు రోజులు పాలు ముట్టకుండా పుస్తకంలో రాస్తూ ఉండండి. తేడా లేకపోతే పాలను మామూలుగా తాగుతూ తర్వాతి పదార్థానికి వెళ్లవచ్చు. తేడా కనిపిస్తే వెంటనే తీర్పు చెప్పకుండా, కీళ్లు కుదుటపడ్డాక మళ్లీ అదే క్రమంలో చూడాలి. ఎప్పుడైనా ఒక పదార్థం తిన్న కాసేపటికి దద్దుర్లు, పెదవులు ఉబ్బడం, ఊపిరాడకపోవడం జరిగి ఉంటే దాన్ని ఇంట్లో అసలు పరీక్షించకూడదు. అది అలర్జీ, అలర్జీ వైద్యుల సమక్షంలో జరగవలసిన పని.

రెండుచేతులు

ఇంత మంచి చర్చలో వంటింటి సంగతి ఎవరూ ఎత్తకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. బయట కొన్నదాంట్లో ఏం కలిసిందో తెలియదు కాబట్టి ఈ డైట్‌లో ప్రతిదీ ఇంట్లోనే వండుకోవాలి; కీళ్లు తిరగబెట్టిన రోజున వండే చేతులే పని చేయవు. చాలామంది పథ్యం వదిలేసేది రుచి లేక కాదు, కత్తి పట్టుకోలేక.

నేను చేసేది చెబుతాను. చేతులు బాగున్న రోజున రెట్టింపు వండి, ఒక పూటకు సరిపడే చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెడతాను, ప్రతి డబ్బా మీద అందులో వేసినవన్నీ రాసి అతికిస్తాను. డబ్బాలకు తిప్పే మూతలు కాకుండా, అరచేత్తో నొక్కితే లేచేవి ఎంచుకున్నాను. సీసా మూత తీయవలసి వస్తే, కింద తడి గుడ్డ పరిచి, మూత మీద రబ్బరు గుడ్డ వేసి, వేళ్లతో తిప్పకుండా అరచేయి ఆనించి భుజం బలంతో తిప్పుతాను. గిన్నెను వేళ్లతో వేలాడదీయకుండా రెండు ముంజేతుల మీద మోస్తాను, అది కూడా సగం నింపి. కూరలు కోయడానికి పిడి నిలువుగా, రంపం పిడిలా ఉండే కత్తి దొరుకుతుంది. దాన్ని పిడికిలితో పట్టుకోవచ్చు కాబట్టి మణికట్టు పక్కకు వంగదు. వాపు ఎక్కువగా ఉన్న రోజుల్లో మణికట్టుకు పట్టీ వేసుకుని పని చేయమని మా ఫిజియోథెరపిస్టు చెప్పారు, కానీ రోజంతా ఉంచితే కండరాలు బలహీనపడతాయి కాబట్టి మధ్యమధ్యలో తీసి వేళ్లు, మణికట్టు మెల్లగా కదిలించాలన్నారు.

పచ్చికూరలు

నిర్వాహకుల మాటను గౌరవిస్తున్నాను. కానీ ఇక్కడి ధోరణి చూస్తే తిండికి ఏ విలువా లేదన్నట్టుంది. నార్వే ప్రయోగంలో మెరుగైనవారు అబద్ధం చెప్పారా?

లెక్కలమాస్టారు

ఎవరూ అబద్ధం చెప్పలేదు. తాము ఏం తింటున్నారో వారికి తెలుసు, అంతే. మాత్రను దాచినట్టు భోజనాన్ని దాచలేము. దాచి చూసిన సందర్భాలూ ఉన్నాయి. అమెరికాలో పానుష్ బృందం 1983లో 26 మందికి, ఎవరికి ఏ పథ్యమో తెలియకుండా, పది వారాలపాటు రెండు రకాల పథ్యాలు ఇచ్చి చూస్తే, రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ ఒకరిద్దరికి మాత్రం స్పష్టంగా గుణం కనిపించింది. అదే బృందం 1986లో ఒక్క రోగి గురించి ప్రచురించింది: పాలను గుళికల్లో పెట్టి, ఆమెకు తెలియకుండా ఇచ్చినా కీళ్లు వాచాయి, వేరే గుళికలకు వాచలేదు. అంటే తిండి పడని వ్యక్తి ఉండవచ్చు, అరుదుగా. అందరికీ వర్తించే నిషిద్ధ పట్టిక మాత్రం లేదు. అప్పటికి వచ్చిన ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన 2009 కాక్రేన్ సంస్థ సమీక్ష కూడా పథ్యాల ప్రభావం అనిశ్చితమేనంది, పైగా పథ్యం గుంపుల్లో మధ్యలో మానేసినవారు, అనుకోకుండా బరువు తగ్గినవారు ఎక్కువన్నది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2022 మార్గదర్శకాల్లో కూరగాయలు, పండ్లు, ముడి ధాన్యాలు, చేపలు, ఆలివ్ నూనె ఎక్కువగా ఉండే మధ్యధరా తరహా భోజనాన్ని షరతులతో సమర్థించి, మిగతా పేరున్న డైట్లను షరతులతో వద్దంది. నా మటుకు నాకు ఇది తిండిని తీసిపారేయడంలా కనిపించడం లేదు.

పొద్దుటివేళ్లు

చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. స్టెరాయిడ్ ఆపి, కీళ్లు నిలకడగా ఉన్నాక పాలు పరీక్షించాను. పుస్తకంలో ఏ మార్పూ లేదు, మళ్లీ పెరుగు తింటున్నాను. గోధుమ తిన్న రెండో రోజున వేళ్లు వదులవడానికి బాగా ఆలస్యమైంది. ఇంట్లో అందరూ దొంగ దొరికాడన్నారు. అయితే అదే పేజీలో, ఆ ముందు రోజు అలమరాలు సర్ది బరువైన పెట్టెలు దించినట్టు నా రాతే ఉంది. ఇప్పుడు దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

నిదానం

అర్థం చేసుకోకండి, మళ్లీ తినండి. ఈసారి పెట్టెలు దించకుండా.

ఆకుపచ్చపళ్లెం

వీలైతే ఈసారి ఇంట్లోవారి సాయం తీసుకోండి. మీరు మామూలుగా తినే చిక్కటి సూప్‌లోనో, మసాలా ఎక్కువగా ఉన్న కూరలోనో ఒక విడత గోధుమ పిండి, ఇంకో విడత గోధుమ కాని పిండి కలపమనండి. ఏ విడత ఏది వేశారో వారు రాసి దాచాలి, మీరు అడగకూడదు. గుళికలంత కట్టుదిట్టంగా ఉండదు గానీ, మీ అనుమానం మీ వేళ్ల మీద పని చేయకుండా ఆపడానికి సరిపోతుంది.

పొద్దుటివేళ్లు

అలాగే చేశాం. చీటీ విప్పి చూస్తే, నేను "ఈసారి ఖాయంగా గోధుమే" అని రాసుకున్న వారం గోధుమ కాని పిండిది. నిజంగా గోధుమ వేసిన వారం పుస్తకంలో చెప్పుకోవడానికి ఏమీ లేదు. డాక్టరుగారికి చూపిస్తే చీటీ సంగతికి నవ్వి, పుస్తకాన్ని మాత్రం రాయడం ఆపవద్దన్నారు. మందు తప్పిన వారం తర్వాతే వాపు మొదలైనట్టు అందులో కనిపించడంతో, జలుబు చేసినప్పుడు మెథోట్రెక్సేట్ విషయంలో ఏం చేయాలో ఆయన నాకు విడిగా రాసిచ్చారు. ఇక గుడ్లు మిగిలాయి. వచ్చే వారం రక్తపరీక్ష ఉంది కాబట్టి, అది అయ్యాక మొదలుపెడతాను. పచ్చసొన, తెల్లసొన వేరువేరుగా చూడాలా, గుడ్డంతా ఒకేసారి చాలా?

ఆకుపచ్చపళ్లెం

గుడ్డంతా ఒకేసారి చాలు. తేడా కనిపించి, రెండోసారి కూడా అదే జరిగితే అప్పుడు విడదీద్దాం.